సాగు చేస్తున్నదెవరు?

పొద్దున్నే కాఫీ చేతికిస్తూనే కోడలు పాఠం మొదలుపెట్టింది.

"మొక్కజొన్న ఎప్పుడు వేశారు అత్తయ్యా?"

"తొలివానకి."

"ఎరువు ఎన్నిసార్లు చల్లారు?"

"రెండు... కాదా?"

"అయ్యో, మూడండీ!"

"ఈ వయసులో నాకు పరీక్షలేమిటే తల్లీ," అంది అత్తగారు. కోడలికి నవ్వు రాలేదు. తనిఖీకి వస్తారని నిన్న కబురు వచ్చినప్పటి నుంచి ఆమెకి ముద్ద దిగడం లేదు.

పొలం అత్తగారి పేరున ఉంది. సొంతంగా సాగు చేసుకునే భూయజమానికి ప్రభుత్వం పంటపంటకీ సాయం ఇస్తుంది. ఆవిడ మోకాళ్ళు అరిగి పొలం గట్టు తొక్కి ఆరేళ్ళయింది. దున్నడం, మందు కొట్టడం, కోత అన్నీ కోడలే. మొగుడు పోయినా ఆ పొలాన్ని పట్టుకునే నిలబడింది. "నేనే సాగు చేస్తున్నాను" అన్న కాగితం మీద మాత్రం ఏటా అమ్మ చేత సంతకం పెట్టించేది బస్సు డ్రైవరైన బావగారు. ఇవాళ తనిఖీ.

"నోరు జారావో, వచ్చే పంటకి నువ్వుండవు," అని ఆయన ముందే చెప్పాడు. పుట్టింట్లో ఎవరూ మిగలని మనిషి, పొలం కూడా పోతే ఎక్కడికి పోతుంది?

పది గంటలకి ఆఫీసరమ్మ వచ్చింది. బావగారు ఒళ్ళంతా నవ్వు చేసుకుని కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"పదండమ్మా, మీ పొలం చూపించండి."

కర్ర పట్టుకుని అత్తగారు మెల్లగా ముందు నడిచింది. కాలువ దాటగానే ఎడమకి తిరిగింది. కోడలు ఆపబోయి ఆగింది. కుడికి తిరగాలి! కాలువ తవ్వాక దారి మారిందన్న సంగతి చెప్పడమే మరిచిపోయింది.

"ఇదేనమ్మా," అంది అత్తగారు ధీమాగా. ఎదురుగా పక్కవాళ్ళ వేరుశనగ.

ఆఫీసరమ్మ ఫోన్‌లో పటం చూసింది. "మీరు మొక్కజొన్న అని రాశారే?"

"పెద్దావిడ కదండీ, మతిమరుపు," అన్నాడు బావగారు.

"అంత మతిమరుపుతో వ్యవసాయం ఎలా చేస్తున్నారండీ?"

ఆయన మొహం కందగడ్డ అయింది. గిరుక్కున కోడలి మీదికి తిరిగాడు. "దారి కూడా చెప్పి ఏడవలేదా? ఇక నీ సేద్యం చాలు, వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఏం లాభం? ఆఫీసరమ్మ కలం తీసింది. "అయితే ఇప్పుడు సాగు చేస్తున్నదెవరు?"

కోడలు అత్తగారి వైపు చూసింది. అబద్ధం చెబితే కేసు, నిజం చెబితే వీధి.

"ఇదేనమ్మా, మా కోడలే," అంది అత్తగారు. "ఆరేళ్ళుగా."

"తీసుకున్న సాయం వెనక్కి కట్టాల్సి వస్తుంది. మీరే ఒప్పుకున్నారని రాస్తాను, కేసు లేకుండా పోవచ్చు," అంది ఆఫీసరమ్మ. "ఇక మీదట ఆమెకి సాయం రావాలంటే, కౌలు కాగితం మీద మీరు సంతకం పెట్టాలి."

"అమ్మా, పెట్టావంటే పొలం తనదేనంటుంది!"

"నువ్వాగరా. నీ భయం వేరు, నా భయం వేరు." అత్తగారు గట్టు మీద కూలబడింది. కోడలి మొహంలోకి చూడలేకపోయింది. "ఈ కౌలు కాగితం సంగతి నాకు మూడేళ్ళ కిందటే తెలుసే. వాడు కాదు, నేనే వద్దన్నాను. నీకంటూ ఒక ఆధారం దొరికితే, ఈ ముసలిదాన్ని వదిలేసి నీ దారి నువ్వు చూసుకుంటావని..."

కోడలికి ఒళ్ళు మండింది. మూడేళ్ళు! రోజూ ఎప్పుడు పొమ్మంటారో అని బిక్కుబిక్కుమంటూ బతికిన మూడేళ్ళు. అరుద్దామనుకుంది. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది.

"మీరు నన్ను వెళ్ళగొడతారని నేను చచ్చిపోతున్నాను అత్తయ్యా!"

"నేనా? నువ్వు లేకపోతే నాకెవరున్నారే?"

బావగారు విసవిసా వెళ్ళిపోయాడు. అత్తగారు ఆఫీసరమ్మ ఇచ్చిన కౌలు కాగితం మీద సంతకం పెట్టి, దాన్ని కోడలి చేతికిచ్చి, ఆమె వేలు మాత్రం వదల్లేదు.

"ఇప్పుడు వెళ్ళిపోతావా?" అంది, చిన్నపిల్లలా.

కోడలు ఆవిడ పక్కనే గట్టు మీద చతికిలబడి, ఆ ఒళ్ళో తల పెట్టుకుని భోరుమంది.