చెమట లేని బురద

సోమవారం పొద్దున వాకిట్లో బండ ముందు కూర్చుని మగని ఆటబట్టలు ఉతకడం స్వరాజ్యలక్ష్మికి ఆరేళ్లుగా తప్పని పని. ఆమె మగడు దత్తాత్రి హైదరాబాదులో ఒక బట్టల మిల్లు టీములో ఫుట్‌బాల్ ఆడతాడు. పెద్ద టీమేం కాదు, లీగులో కింది మెట్టుది. అయినా ఆడినందుకే జీతమిస్తారు, ఉండడానికి జాగా ఇస్తారు. సిద్దిపేటలో వాళ్ల గల్లీకి అదే గొప్ప. శని, ఆదివారాలు మ్యాచులు చూసుకుని, సోమవారం మొదటి బస్సుకు ఇంటికొచ్చి, మంగళవారం మళ్లీ పోతాడు.

ఆ రోజు సంచిలోంచి సాక్సులు తీసి నీళ్లలో వేయబోతూ ఆగిపోయింది స్వరాజ్యలక్ష్మి. ఒకసారి వాసన చూసింది. మళ్లీ చూసింది. బురద వాసన తప్ప ఇంకేమీ లేదు.

అదేం చోద్యం! ఆ సంచి విప్పితే చాలు, అత్త ఐలవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "ఎలుక సచ్చిందానే?" అని అరవాలి. తొంభై నిమిషాలు గ్రౌండంతా ఉరికినవాడి బట్టలు మరి! ఇప్పుడు అంగీ కాలరు శుభ్రంగా ఉంది. సాక్సులు తిరగేసి చూస్తే లోపల తెల్లగా, కొత్తవాటిలా ఉన్నాయి. బురదంతా పైపైనే.

ఆ బురదైనా తిన్నగా ఉందా అంటే, అదీ లేదు. హైదరాబాదు గ్రౌండుది ఎర్రమొరం. నానబెడితే బకెట్లో నీళ్లు కుంకుమ కలిపినట్టు అయ్యేవి. ఇది నల్లగా, జిగటగా ఉంది. స్వరాజ్యలక్ష్మి చింతమడకలో వరినాట్లు వేసి పెరిగిన పిల్ల, చెరువు బురదను కళ్లు మూసుకుని చెబుతుంది.

ఇది మూడో సోమవారం. మొదటిసారి తన భ్రమ అనుకుంది. రెండోసారి జలుబేమో అనుకుంది. మూడోసారి కూడా అట్లా అనుకోవడానికి ఆమె మరీ అంత వెర్రిబాగులది కాదు.

దత్తాత్రి అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. కొంచెం కుంటుతూ వచ్చాడు గానీ ఆమె దాన్ని పట్టించుకోలేదు. ఆటగాడు కుంటుతూ రావడం ఆ ఇంట్లో కొత్తేం కాదు.

"నిన్న ఎవలతోని ఆట?" అడిగింది, సబ్బు రుద్దుతూనే.

"రైల్వేవోళ్లతోని. రెండు–ఒకటి. మనమే గెలిచినం."

"వాన పడ్డదా?"

"వానా? ఎండ మండిపోయింది."

"మరి గీ బురదేంది?"

చాయ్ గ్లాసు పెదాల దాకా వచ్చి ఆగింది. "దుమ్ము లేస్తదని గ్రౌండుకు నీళ్లు కొట్టిన్రు. నువ్వేంది పొద్దుపొద్దుగాల పోలీసోళ్ల లెక్క?"

"ఉతికేదాన్ని గదా, అడిగిన," అంది ఆమె. సాక్సును బండకేసి రెండు దెబ్బలు ఎక్కువే బాదింది.

మధ్యాహ్నం అతను పడుకున్నాక సంచిని మళ్లీ దులిపింది. అడుగున ఎండిపోయిన మెంతాకు రెబ్బలు రాలాయి. ఒక చిన్న స్టీలు డబ్బా దొరికింది. మూత తీస్తే చింతకాయ తొక్కు. వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. వెల్లుల్లి దంచి వేశారు, మెంతులు దోరగా వేయించి కలిపారు. మెస్సువాడు ఇంత ఓపికగా తొక్కు నూరడు. ఇది ఒక ఆడమనిషి, ఒక మనిషి కోసం మనసుపెట్టి నూరిన తొక్కు.

"అత్తా, జర గిది రుచి చూడు."

ఐలవ్వ చప్పరించింది. "మంచిగున్నదే. ఎవలు నూరిన్రు?"

"గదే నేను గూడ అడుగుతున్న."

ఐలవ్వ డబ్బా వైపు, సంచి వైపు, కోడలి మొహం వైపు చూసింది. "నా కొడుకు అసొంటోడు గాదు," అంది. కానీ డబ్బా మూత పెట్టే ముందు తొక్కును ఇంకోసారి వాసన చూసింది.

మంగళవారం దత్తాత్రి బస్సెక్కి పోయాడు. ఆ సాయంత్రం పక్కింటి షబ్బీర్ డ్యూటీ దిగి వస్తుంటే స్వరాజ్యలక్ష్మి గోడ దగ్గర కాపు కాసింది. షబ్బీర్ హైదరాబాదు రూటు బస్సులో కండక్టరు.

"షబ్బీర్ భాయ్, మా ఆయన నీ బస్సుల్నే వస్తడు గదా? హైదరాబాదుల ఎక్కితే సీటు దొరుకుతదా ఏంది?"

షబ్బీర్ మంచివాడు, అబద్ధం ఆడటం రాదు. "హైదరాబాదులనా?" అని నోరు జారాడు. తర్వాత తల గోక్కున్నాడు. "మూడు నెలల సంది నడుమ గజ్వేల్‌లనే ఎక్కుతుండు భాభీ. నేను అడగలే. మీకు ఎరికే అనుకున్న."

మూడు నెలలు! గజ్వేల్‌లో ఎవరున్నారు? చుట్టాలు లేరు, పక్కాలు లేరు. అక్కడ ఎవరో ఆడది తొక్కు నూరి పెడుతుంటే, ఇక్కడ తను ఉత్తుత్తి బురద ఉతుకుతోంది. ఆ రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. అద్దం ముందు నిలబడి నాకేం తక్కువ అని చూసుకుంది, చూసుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఈ పెళ్లి కోసం చింతమడకలో బాపు దాయాదులతో ఎంత కొట్లాడాడని! "బంతి తన్నేటోనికి పిల్లనిస్తవారా?" అని పాలోళ్లంతా నవ్వితే, "నాకు ఆయనే కావాలె" అని తనే మొండికేసింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పుట్టింటి గడప తొక్కాలి?

గురువారం పొద్దున ఆమె ఉతికిన చీర కట్టుకుని బయల్దేరుతుంటే, ఐలవ్వ అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వెందుకత్తా?"

"కొట్టాల్సొస్తే నా కొడుకును నేను కొడుత. నీ చెయ్యి లేస్తే మంచిగుండదు," అంది ముసలిది.

సంచిలో రాలిన మెంతాకు గుర్తుపెట్టుకుని నేరుగా గజ్వేల్ కూరగాయల మార్కెట్లో అడుగుపెట్టి, మొదటి దుకాణంలోనే అడిగారు. "దత్తాత్రి అని, సిద్దిపేటాయన."

"గా తూకం దత్తన్ననా? పొద్దున తూకాలు అయిపోయినయి. గిప్పుడు పెంటవ్వ ఇంట్ల ఉంటడు. గా సందుల, నీలం తలుపు."

పెంటవ్వ! పేరు కూడా దొరికింది. స్వరాజ్యలక్ష్మి చెవుల్లో ఇంకేమీ వినపడలేదు. సందులో ఆమె నడకకు ఐలవ్వ అందుకోలేకపోయింది. నీలం తలుపు ఓరగా ఉంది. ఒక్క తోపు తోసింది.

దత్తాత్రి నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లుంగీ మోకాలి పైకి ఎగదోసి ఉంది. అతని కుడికాలు ఒక ఆడమనిషి ఒళ్లో ఉంది. ఆమె వేడి ఆముదం రాస్తోంది.

ఆమెకు డెబ్బై ఏళ్లకు తక్కువుండవు. నోట్లో మూడు పళ్లు.

"ఎవలు బిడ్డా?" అంది పెంటవ్వ, కళ్లు చికిలించి.

స్వరాజ్యలక్ష్మి చూపు మగని కాలి మీదికి పోయింది. మగని మోకాలు గుమ్మడికాయంత ఉబ్బి ఉంది. గోడకు ఎనిమిదో నంబరు అంగీ మడత నలగకుండా వేలాడుతోంది. దాని కింద ఒక పాత మట్టి కంచుడు, అందులో నీళ్లు పోసి నానబెట్టిన నల్ల బురద. పక్కనే తెల్ల సాక్సుల జత. వచ్చే ఆదివారం కోసం అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాడు.

"నీ అయ్య, కాలు ఇరిగినా చెప్పవారా!" ఐలవ్వ కొట్టడానికే ముందుకురికి, కొడుకు తల పట్టుకుని ఏడ్చేసింది.

దత్తాత్రి పెళ్లాం మొహం చూడలేకపోయాడు. "నాలుగు నెలలాయె. నడుమ బంతికి ఉరికి తిరగవోతే మోకాలు లోపల తెగిపోయింది. దవాఖానల ఇంక ఆడొద్దన్నరు. మిల్లోళ్లు నెల జూసి, వేరేటోన్ని తెచ్చుకున్నరు. గీడ తూకం పని దొరికింది. పెంటవ్వ అర్ర కిరాయికిచ్చి బువ్వ పెడుతున్నది."

"తొక్కు గూడ," అంది స్వరాజ్యలక్ష్మి.

"తొక్కంటే పానం ఈయనకు," అంది పెంటవ్వ సంబరంగా. "'నా పెండ్లాం మంచిగ జేస్తది' అని రోజూ చెప్తడు. గామె అంత మంచిగ నూరిన్నా లేదా, గామెకే చూపియ్యుమని నేనే డబ్బల పెట్టి ఇచ్చిన."

అందుకు కూడా కోపమే వచ్చింది స్వరాజ్యలక్ష్మికి. "ఊరందరికీ చెప్తవు. మరి నాకెందుకు చెప్పలే? నేనేమన్న పరాయిదాన్నా? సోమవారం సంది సస్తున్న, ఎవతినో ఉంచుకున్నవని! బురద పూస్తే నమ్ముత అనుకున్నవా? చెమట ఏదయ్యా చెమట? ఒక్కనాడన్న నీ బట్టలు నువ్వు ఉతుక్కుంటే తెలుస్తుండె, ఆడినోని బట్టలు ఎట్ల కంపుగొడ్తయో!"

దత్తాత్రికి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. "మొదట్ల ఆడినప్పటి మాసిన బట్టలే కొన్ని కొన్ని తెచ్చిన. అవి అయిపోయినయి." లుంగీ అంచు నలుపుతూ అన్నాడు. "నువ్వే అన్నవు గదా."

"నేనేమన్న?"

"పెండ్లైన కొత్తల. అన్నం పెట్టుకుంట, నవ్వుకుంట అన్నవు. 'ఆ బంతి లేకుంటే నీ మొహం ఎవలు చూస్తుండిరి' అని."

స్వరాజ్యలక్ష్మి గుర్తు చేసుకుంది. అన్నదా? అన్నది. ఆ రోజు అతను స్టీలు గ్లాసులు నేల మీద వరుసగా పెట్టి ఆట నేర్పాడు. "గోలు కొట్టేటోడు నేను గాదు. నడుమ ఉంటా. ఎనకటోనికాడ తీసుకుంటా, ముందటోనికిస్తా. పేపర్ల పేరు రాదు" అన్నాడు. అప్పుడే సరదాకు అన్నది ఆ మాట. ఆ పూటే మరిచిపోయింది. అతను ఆరేళ్లు మోసుకుని తిరిగాడు. మోకాలు పోయిన రోజున డాక్టరు మాట కంటే ఆ మాటే అతన్ని ఎక్కువ భయపెట్టింది. ఆడది ఎవరా అని గజ్వేల్ దాకా వెతుక్కుంటూ వచ్చింది కదా, అతన్ని ఇంటికి దూరం చేసిన ఆడది ఎవరో ఇప్పుడు తెలిసింది. కళ్లనీళ్లు బొటబొటా రాలాయి.

ఆమె కూలబడి పెంటవ్వ ఒళ్లోంచి మగని కాలు తన ఒళ్లోకి తీసుకుంది. "జరుగవ్వా, నేను రాస్త."

"మెల్లగ రాయి," అన్నాడతను.

"నోరు మూసుకో," అంది. మోకాలి వాపు మీద చెయ్యి పెట్టేసరికి మళ్లీ ఏడుపొచ్చింది. "నీకు బంతి ఉన్నదని రాలేదయ్యా నేను. తెలివిలేని మాట ఒకటి అన్న. ఇడిసెయ్యి దాన్ని."

ఐలవ్వ ఆ బురద కంచుడు ఎత్తుకుపోయి సందులో విసిరికొట్టింది. అది పగిలిన చప్పుడుకు పక్కింటివాళ్లు తొంగిచూశారు. "ఏం జూస్తున్రు? నా కొడుకు తూకం పని చేస్తడు. ఏం తక్కువ?" అని వాళ్ల మీద ఇంతెత్తున లేచింది. పాపం, వాళ్లేమీ అనలేదు.

సోమవారం పొద్దున మొదటి బస్సుకు దత్తాత్రి దిగాడు. గల్లీలో ఎవరో "ప్లేయర్, నిన్న గెలిచినవా?" అని కేకేశారు. అతను ఆగాడు. "ఆడుతలేను. మోకాలు పోయింది. గజ్వేల్ మార్కెట్ల పని చేస్తున్న," అన్నాడు. చెప్పాక ఇంటి వైపు కుంటుతూనే, కానీ కొంచెం తొందరగా నడిచాడు.

స్వరాజ్యలక్ష్మి వాకిట్లో బండ ముందే ఉంది. సంచి అందుకుని విప్పింది. సాక్సులు లేవు, ఎనిమిదో నంబరు అంగీ లేదు. మామూలు గళ్ల అంగీలు మూడు, వాటి మీద టమాట మరకలు, మెంతాకు పసరు. వారమంతా బస్తాల మధ్య కూర్చుని తూకం వేసినవాడి బట్టలు. గుమ్మంలోంచి ఐలవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"అబ్బా, ఎలుక సచ్చిందానే?"

స్వరాజ్యలక్ష్మి ఒక అంగీ కాలరు మొహానికి ఆనించుకుంది. చెమట వాసన గుప్పున కొట్టింది. అత్త చూస్తోందని కూడా సిగ్గుపడకుండా అట్లాగే కాసేపు ఉండిపోయింది.