పని: ఏమీ లేదు

ముప్పై నాలుగేళ్లు ఫ్యాక్టరీ స్టోర్ కీపర్‌గా చేసి రిటైరైన ఆ పెద్దమనిషికి ఇల్లంటే ఇంకో స్టోరు. వంటగదిలో ఒక డబ్బా మీద 'ఉప్పు' అనీ, గోడమేకు పక్కన 'కత్తెర' అనీ చీటీలు అంటించాడు, అక్కడికి ఆయన చెబితే తప్ప ఇంట్లో వాళ్లు ఉప్పు మొహం ఎరగనట్టు. ఒక వస్తువు, ఒక పని, ఒక చీటీ. అంతకు మించిన తెలివి లోకంలో ఉందంటే ఒప్పుకునే రకం కాదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనడమే కాదు, ఆ మూడింటికీ చీటీలు కట్టే మనిషి.

ఆ ఉదయం బల్ల మీద రెండు రకాల కాగితాలున్నాయి. ఒకటి ఆయన నింపిపెట్టిన పెన్షన్ ఆఫీసు ఫారం. రెండోవి కూతురివి. పరిశోధన పత్రాలు చదివి, ఏ జీను, అంటే ఏ జన్యువు, ఒంట్లో ఏ పని చేస్తుందో పెద్ద జాబితాలోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. దాన్ని తండ్రి 'చీటీల కొలువు' అని వెక్కిరిస్తాడు. తాను ఇన్నేళ్లూ వెలగబెట్టిందేమిటో ఆయనకు గుర్తు రాదు.

తల తుడుచుకుంటూ వచ్చిన కూతురు తన కాగితం చూసి నిలబడిపోయింది. తొమ్మిది వరుసల్లో ఎనిమిది ఎర్ర సిరాతో కొట్టేసి ఉన్నాయి.

"నాన్నా, ఇదేంటి?"

"తప్పులు దిద్దాను. ఒకే జీను పేరు తొమ్మిది సార్లు రాశావు, తొమ్మిది పనులు తగిలించావు. మా స్టోర్లో ఇలా రాసుంటే ఆ రోజే ఇంటికి పంపేవాళ్లు."

"అవి తప్పులు కావు నాన్నా. ఆ జీను వల్ల తయారయ్యే ప్రోటీను ఇంకో ప్రోటీన్ని ముక్కలు చేస్తుంది. పిండంలో అదే పనితో వేళ్లు విడదీస్తుంది. పెద్దయ్యాక గాయం మాన్పుతుంది. చోటు మారితే, పక్కనున్న జత మారితే ఫలితం మారుతుంది. పైగా ఒకరు అదెక్కడ ఉంటుందో చూశారు, ఇంకొకరు అది లేకపోతే ఏం పాడవుతుందో చూశారు. ఎవరు చూసింది వాళ్లది, ఎలా చూశారో సాక్ష్యంతో సహా రాస్తాం."

"ఏడ్చినట్టుంది! అసలు పనేదో తేల్చుకోవడం చేతకాక అన్నీ రాసేయడం. దీనికో జీతం!"

అంతలో తల్లి గదిలోంచి వచ్చింది. చేతిలో బట్టల సంచీ.

"ఆఫీసుకెళ్తూ నన్ను పిన్ని ఇంటి దగ్గర దింపమ్మా."

"ఇప్పుడు చెల్లెలింటికేంటే? ఎన్నాళ్లు?" ఆయన నవ్వాడు.

"పని లేనిదాన్ని. నాకు తొందరేముంది?"

ఆ మాటలో చురక ఆయన తలకెక్కలేదు. కూతురికి ఎక్కింది. బల్ల మీది ఫారం అందుకుంది. గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా ఉంది: 'భార్య. పని: ఏమీ లేదు.' పొద్దున బల్ల తుడుస్తూ తల్లి చదివింది ఇదన్నమాట.

"నాన్నా, పదేళ్లు వెతికినా ఏమీ తేలని జీన్లు కూడా మా దగ్గరున్నాయి. వాటికి 'పని తెలియదు' అని రాస్తాం. 'పని లేదు' అని మాత్రం రాయం. అలా రాయాలంటే సాక్ష్యం కావాలి. మీరేం చూసి రాశారు?"

స్టోర్ కీపరు ఫారం అందుకుని, తను రాసింది మళ్లీ చదివాడు. తన తల్లి మంచాన పడ్డ నాలుగేళ్లూ ఆమెను పక్కకి తిప్పింది ఎవరు? ప్రమోషన్ పరీక్షకి నాలుగు వందల సరుకు నంబర్లు తనకి వల్లె వేయించింది ఎవరు? ఈ పిల్లకి మొదటి అక్షరం దిద్దించింది ఎవరు? అన్నీ ఆ సంచీ పట్టుకున్న చేతులే. ఇన్నేళ్లూ ఆ చేతుల మీద ఒక్క చీటీ అయినా అంటించాలని తోచలేదు. ఆయనకు మొదటిసారి సిగ్గేసింది.

ఎర్రకలం తీశాడు. 'ఏమీ లేదు' కొట్టేశాడు. పైన 'తెలియదు' అని రాసి, భార్య వైపు తిరిగాడు.

"ఏమేం చేస్తావో నువ్వే చెప్పు. అన్నీ రాస్తాను."

"విని రాస్తే చెల్లదుటగా. చూసి రాయండి."

"చూడాలంటే... నువ్విక్కడ ఉండాలి కదే." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆమె సంచీ కుర్చీలో పెట్టి, కొంగుతో కళ్లొత్తుకుంది. జాలి పడినా మాట మాత్రం మెత్తబడలేదు.

"అయితే ముందు ఆ 'ఉప్పు' చీటీ పీకండి. మూడేళ్లుగా అందులో పంచదార పోస్తున్నాను."

స్టోర్ కీపరు వంటగదిలోకి వెళ్లి, మొదటిసారి ఆ డబ్బా మూత తీసి చూశాడు.