మచ్చు లేని రంగు

ప్రేమకథ అన్నాక ఎక్కడో ఒకచోట వాన పడాలి. ఆ ఏడు, అంటే 1961లో, ధర్మవరంలో వాన పడలేదు. అందుకని ఈ కథ ఎర్రదుమ్ముతో మొదలవుతుంది.

దుమ్ము లేపినవాడు దాసప్ప, హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. బడి తెరిచిన కొత్తల్లో ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్లల చేత వరండాలో ఎర్రమన్ను, బొగ్గు, సున్నం రోట్లో వేసి నూరిస్తున్నాడు. లేపాక్షి గుడి కప్పు మీద బొమ్మలు వేసినవాళ్ళు తమ రంగులు ఎట్లా తయారుచేసుకున్నారో పిల్లలు చేతులారా చేసి తెలుసుకోవాలని ఆయన పట్టుదల. పట్టుదల బాగానే ఉంది, గాలే పక్కగదిలోకి వీచింది. అక్కడ కొత్తగా చేరిన లెక్కల టీచర్ కదిరమ్మ తెల్ల వాయిల్ చీరలో నిలబడి బోర్డు మీద లెక్క వేస్తోంది.

రెండు నిమిషాల్లో ఆమె వరండాలోకి వచ్చింది. చీర తెల్లగా లేదు.

“ఏం సార్, ఇది బడా, సున్నపు బట్టీనా?”

“డ్రాయింగ్ క్లాసు, టీచర్.”

“డ్రాయింగ్ అంటే పెన్సిలూ పేపరూ కదా? రోలు ఏంటికి?”

“లేపాక్షి వాళ్ళకు పెన్సిళ్ళు దొరకలేదు.”

పిల్లలు నవ్వారు. కదిరమ్మ నవ్వలేదు. “అయితే నా చీరకు సబ్బు గూడా లేపాక్షి వాళ్ళనే అడుగుతాలే” అని గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

దాసప్ప నూరుతున్న రంగు వైపు చూడాల్సింది. ఆమె వెళ్ళిన వైపు చూశాడు. రంగు ముద్దకట్టిపోయింది.

ఈ దుమ్ము గొడవ తీరడానికి హెడ్‌మాస్టరు డ్రాయింగ్ పీరియడ్‌ను కదిరమ్మకు క్లాసు లేని వేళకు మార్చాడు. దాంతో గొడవ తీరిపోవాలి. కానీ కదిరమ్మ, మళ్ళీ దుమ్ము లేపుతున్నాడేమో చూడాలనే వంకతో, వచ్చి వెనక బెంచీలో కూర్చుంది.

ఆ రోజు దాసప్ప గోడకు మూడు బొమ్మలు తగిలించాడు. ఒకటి లేపాక్షిలో తాను కూర్చుని గీసుకొచ్చిన నకలు. రెండోది తోలుబొమ్మ. మూడోది ఏదో కేలండర్ నుంచి కత్తిరించిన ఇంగ్లీషు పొలం.

“కింద పేర్లు మూసేసినా. ఏ బొమ్మ యాడిదో, దేంతో వేసినారో, ఎవర్ని చూసి నేర్చుకున్నారో చెప్పల్ల.”

పిల్లలు బొమ్మల్ని చూశారు, తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీ నుంచి జవాబొచ్చింది.

“మొదటిది లేపాక్షి, రెండోది తోలుబొమ్మ. రెండిట్లోనూ మొగం పక్కకు తిరిగుండాది, కన్ను మాత్రం నిండుగా కనపడతాండాది. ఒకర్ని చూసి ఇంకొకరు నేర్చుకున్నారు.”

“ఎవర్ని చూసి ఎవరు, టీచర్?”

“అది మీరు చెప్పల్ల. డ్రాయింగ్ సారు మీరు కదా.”

ఈసారి పిల్లలతోపాటు ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత ప్రతి వారం వచ్చింది. నీళ్ళరంగులో కాగితం తెలుపును ఎందుకు వదిలేస్తారు, నూనెరంగును పొర మీద పొర ఎందుకు వేస్తారు, లేపాక్షి వాళ్ళు ముందు నల్లగీత గీశారా, చివర గీశారా అని ప్రశ్నలు వేసేది. దాసప్ప అన్నిటికీ జవాబు చెప్పేవాడు. ఆమె అడగని విషయం ఒకటి ఉంది. అది చెప్పడానికి మాత్రం అతనికి నోరు రాలేదు.

ఏడాది తిరిగేసరికి కదిరమ్మ నాయన నరసింహప్ప బడికి వచ్చాడు. పట్టుచీరల వ్యాపారి. రంగు విషయంలో ఆయనంటే ధర్మవరం మొత్తానికీ హడలు. కొనేవాళ్ళు మచ్చుగా ఒక పట్టుపోగు ఇస్తే, నేసిన చీర రంగు ఆ పోగుకు సరిపోవాల్సిందే. వాకిట్లో ఎండలోకి తీసుకెళ్ళి చూసి, ఒక్క ఛాయ తేడా ఉన్నా తిప్పి పంపేవాడు.

“ఏమప్పా అయ్యవారూ, నువ్వు ఫోటోలకు రంగులేస్తావంట కదా” అంటూ జేబులోంచి కదిరమ్మ ఫోటో తీశాడు. “బళ్లారి సంబంధం వచ్చింది. వాళ్ళకు పంపల్ల. బిడ్డ కొంచెం తెల్లగా కనపడేట్టు చూడు.”

అప్పట్లో స్టూడియో ఫోటోలన్నీ నలుపూ తెలుపే. పెండ్లికూతుళ్ళ ఫోటోలకు రంగులు వేయడం డ్రాయింగ్ మాస్టర్లకు మామూలు పని. జిల్లాలో ఉన్న పెండ్లికూతుళ్ళందరూ ఆ ఫోటోల్లో ఒకే గులాబీ రంగులో ఉండేవాళ్ళు.

ఫోటో బాగా కుదిరితే కదిరమ్మ బళ్లారి వెళ్ళిపోతుంది. కాదనడానికి దాసప్ప సాకు వెతికాడు, దొరకలేదు, ఫోటో తీసుకున్నాడు.

మరుసటి రోజు కదిరమ్మ డ్రాయింగ్ గది గుమ్మంలో నిలబడింది.

“ఫోటో ఒప్పుకున్నారంట.”

“మీ నాయన ఇచ్చినాడు. వద్దని ఎట్లా చెప్పేది?”

“నోటితో చెప్పేది.” ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. “మా అక్క చెన్నమ్మ ఫోటో గూడా ఇట్లే తెల్లగా చేసి పంపినారు. ఇప్పటికీ వాళ్ళత్త, ఫోటోలో పిల్ల యాడుందమ్మా అని అడుగుతాది. అక్క తలొంచుకుంటాది. ఇంక నా వంతు. వేయండి సార్, బాగా తెల్లగా వేయండి. మీకేం, చేతిలో పని.”

చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది. “సోమవారానికి అయిపోతాది, టీచర్” అన్నాడు దాసప్ప. ఇట్లాంటి మగవాళ్ళ వల్లే ప్రేమకథలు పొడవవుతాయి. కదిరమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అతను ఫోటో ముందు కూర్చున్నాడు. అలవాటు కొద్దీ గులాబీ రంగు తీసి చెంపకు పూశాడు. ఫోటోలో ఎవరో వేరే అమ్మాయి కూర్చుంది. తడి దూదితో తుడిచేశాడు. పసుపుమన్ను రంగులో కాల్చిన ఎర్రమన్ను కలిపి, కాస్త నీలం చేర్చి మళ్ళీ పూశాడు. నుదుటికి ఒక ఛాయ, చెవి కింద ఎండ తగలని చోట ఇంకో ఛాయ. సంబంధం చెడగొట్టాలని కాదు. చేతికి ఇంకో రంగు రాలేదు, అంతే.

పట్టు కొనడానికి బెంగుళూరు వెళ్ళిన నరసింహప్ప ఆ ఫోటో చూడనేలేదు. సంబంధం తెచ్చిన మనిషే దాన్ని పొట్లంగా తీసుకుని బళ్లారి బస్సెక్కాడు. వారం తిరక్కముందే ఫోటో వెనక్కి వచ్చింది. పిల్ల నలుపంట, వద్దంట.

నరసింహప్ప ఆ ఫోటో పట్టుకుని నేరుగా డ్రాయింగ్ గదికి వచ్చాడు. పిల్లలంతా మధ్యాహ్నం అన్నానికి ఇండ్లకు వెళ్ళారు.

“నేనేం చెప్పినా, నువ్వేం చేసినావప్పా? నా బిడ్డ సంబంధం చెడగొడితివే!”

కేకలకు పక్కగదిలోంచి కదిరమ్మ పరిగెత్తుకొచ్చింది. దాసప్ప లేచి నిలబడ్డాడు. ఆశ్చర్యం, అతనికి మాట వచ్చింది.

“మచ్చు కంటే తెల్లగా ఉండే చీర తెస్తే మీ అంగట్లో తీసుకుంటారా సార్?”

“చీర వేరు, బిడ్డ వేరు!”

“ఏం వేరు నాయనా?” కదిరమ్మ అందుకుంది. “రంగు తేడా వస్తే చీరను తిప్పి పంపుతావు. అక్కను అత్తింటివాళ్ళు తిప్పి పంపలేదు గానీ, దినామూ మాటలంటాండారు. నన్ను గూడా అట్లనే పంపల్లనుకున్నావా?”

నరసింహప్పకు చెన్నమ్మ గుర్తుకొచ్చింది. కోపం ఎక్కడో తెగిపోయింది. ఏం చేయాలో తోచక, చేతికున్న అలవాటు కొద్దీ ఫోటోను గుమ్మం బయటికి, ఎండలోకి తీసుకెళ్ళాడు. కూతుర్ని పిలిచి, ఫోటోను ఆమె చెంప పక్కన పెట్టాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. ఆయనలోని వ్యాపారి మేలుకున్నాడు.

“కుదిరింది” అన్నాడు, ఇష్టం లేకపోయినా. “ఒక్క ఛాయ గూడా తేడా లేదు. ఎవురి కొడుకువప్పా నువ్వు?”

“హనుమంతప్ప కొడుకును సార్. పట్టుకు రంగులేసే హనుమంతప్ప.”

“అదీ సంగతి. చెయ్యి అట్ల వచ్చింది నీకు.” ఇంకోసారి చూశాడు. ఉన్నట్టుండి కనుబొమలు ముడిపడ్డాయి. “ఉండప్పా. నేనిచ్చిన ఫోటో నలుపూ తెలుపూ. మచ్చు నేనియ్యలేదు. మచ్చు లేకుండా మీ నాయన గూడా రంగు కుదిర్చలేడు. నువ్వు యాడ చూసినావు?”

దాసప్ప తల దించుకోలేదు.

“ప్రార్థన దగ్గర సార్. వరండాలో. వెనక బెంచీలో. ఏడాదంతా చూస్తానే ఉండా. చూడకుండా ఉండలేకపోయినా.”

కదిరమ్మ చెంపలకు ఫోటోలో లేని రంగు వచ్చింది. వ్యాపారి అదీ గమనించాడు.

“నీకు తెలుసానే ఇది?”

“చూసేది తెలుసు నాయనా. ఏంటికి చూస్తాండాడో చెప్పలేదు.”

నరసింహప్ప ఫోటో మీది దుమ్ము కండువాతో తుడిచాడు.

“బళ్లారి వాళ్ళు ఒక్క నిమిషం చూసి నలుపన్నారు. ఈయప్ప ఏడాదంతా చూసి ఒక్క వంక గూడా పెట్టలేదు.” ఫోటోను జేబులో పెట్టుకున్నాడు. “ఇంక దీన్ని ఎవురికీ పంపను. మీ నాయనను ఆదివారం మా ఇంటికి రమ్మను. వచ్చేది రంగుల గురించి కాదని గూడా చెప్పు.”

ఆయన గేటు దాటి వెళ్ళిపోయాడు.

“మీ మనసు సంగతి ముందు బళ్లారికి పోయింది” అంది కదిరమ్మ. “తర్వాత మా నాయనకు తెలిసింది. నాకు ఆఖర్న. ఇప్పుడన్నా నాకు చెప్పండి, నోటితో.”

“బొమ్మలేసేవానికి మాటలు...”

“సాకులు వద్దు సార్.”

దాసప్ప గోడ వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు, చివరికి ఆమె వైపు చూశాడు.

“మీరంటే నాకు ఇష్టం కదిరమ్మా. శానా ఇష్టం.”

టీచర్ అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఇంకోసారి చెప్పండి. రెండు తూర్లు సరిచూసుకోకుండా నేను ఏ లెక్కా ఒప్పుకోను.”

దాసప్ప మళ్ళీ చెప్పాడు. ఈసారి తడబడలేదు.