గాలిపటం తీసిన ఫోటో

"దిగండి ముందు! అది రెండు వేల ఏళ్ల గోడ!"

శిథిలాల మధ్య నుంచి ఆ కేక వినబడినా గోడ మీది మనిషి కదల్లేదు. చేతిలో గుడ్డ ఊడదీసిన గొడుగు, దాని ఊచల నిండా రాగితీగ, చెవులకు హెడ్‌ఫోన్స్.

"ఒక్క నిమిషం మేడమ్. పైన వెళ్తోంది."

"ఏం వెళ్తోంది?"

"శాటిలైట్. పనికిరాదని ఎప్పుడో వదిలేశారు. ఎండ తగిలితే చాలు, లేచి కూస్తుంది పాపం."

తిట్టడానికి నోరు తెరిచిన తవ్వకాల మేడమ్‌కి నవ్వొచ్చింది. అతను దిగి హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకు పెట్టాడు. సన్నటి కూత. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఆ కళ్లు చూసి అతని పని అయిపోయింది.

వీధిలో అందరూ అతన్ని యాంటెన్నా అనే పిలుస్తారు. శిథిలాల కంచెకు అవతలి వీధిలో రేడియో రిపేరు షాపు. అందులోనే సగం అక్క కుట్టుమిషన్‌ది. ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి మేడమ్ అక్కడ తేలేది. ఒకసారి మట్టి బొమ్మబండి చక్రం ఫోటో చూపించింది.

"ఎవరో నాన్న ఇంట్లో కూర్చుని పిల్లకి చేసిపెట్టి ఉంటాడు."

"అయితే ఆయన మా బ్యాచే."

"ఆయన గోడలెక్కలేదు లెండి!"

అక్క మిషన్ ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నవ్వు దాచుకుని మళ్లీ తొక్కింది.

డ్రోన్‌కి పర్మిషన్ రావడం లేదని మేడమ్ దిగులు పడితే, పెద్ద గాలిపటానికి పాత ఫోన్ కట్టి ఎగరేశాడు. వాన వెలిసిన మూడో రోజది. కింద పూడిపోయిన గోడలున్న చోట గడ్డి ముందుగా వాడి, పైనుంచి గీతల్లా కనబడుతుందట. మేడమ్ కింద నుంచి రెండు చేతులూ ఊపింది. ఆ ఫోటోలన్నీ అతను ఆమెకే ఇచ్చేసి, ఒకటి మాత్రం తనూ దాచుకున్నాడు.

తర్వాత రెండు నెలలూ ఆమె రోజూ వచ్చింది. టీ తాగింది, జోకులేసింది. ఒక్కోసారి ఏదో చెప్పబోయి, గ్లాసు వైపు చూస్తూ ఆగిపోయేది. తన మనసులో ఉన్నదే ఆమె మనసులోనూ ఉందనుకుని అతను లోలోపల పొంగిపోయాడు.

ఒక ఉదయం షాపు తలుపుకి నోటీసు అంటించి ఉంది. వీధి కింద పాత నగరం ఉందట, మూడు నెలల్లో అందరూ ఖాళీ చేయాలట. వెనక జత చేసిన రిపోర్టు కింద సంతకం ఆమెది. అందులోని ఫోటో అతని గాలిపటం తీసింది.

నోటీసు చేత పట్టుకుని కంచె దాటి వెళ్లాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"ఫోటో చూసిన రోజే." ఆమె నోటీసు వైపు చూసింది. "గోడ గీత కంచె దాటి నేరుగా మీ వీధిలోకే పోతోంది. మీకూ కనబడిందనే అనుకున్నాను. ఆ తర్వాత... తెలియదని అర్థమైంది."

"నాకు గీత కనబడలేదు. ఆ ఫోటోలో మీరున్నారు. అదే చూస్తూ కూర్చున్నాను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకూ మీరంటే ఇష్టమే. అందుకే చెప్పలేకపోయాను. చెబితే ఆ ఫోటోలు వాడనివ్వరేమోనని భయమేసింది."

షాపు పోతుందన్నప్పుడు కూడా అతనికి అంత నొప్పి పుట్టలేదు.

"సంగతి చెప్పి అడిగినా ఇచ్చేవాణ్ణి. అక్కతో నేనే చెప్పుకునేవాణ్ణి. రెండు నెలలు మా టీ తాగి, నన్ను అలాంటివాడనుకున్నారా?"

ఆమె జవాబు కోసం అతను ఆగలేదు. కంచె దాటి వెనక్కి వచ్చేశాడు.

ఆ తర్వాత ఆమె మూడుసార్లు షాపుకి వచ్చింది. మూడుసార్లూ అక్కే మాట్లాడింది. అతను లోపల స్క్రూలు బిగిస్తూ ఉండిపోయాడు.

ఖాళీ చేసే రోజు వ్యాన్ ఎక్కారు. కుట్టుమిషన్ జారకుండా పట్టుకుని అక్క వెనక కూర్చుంది. అతను డ్రైవర్ పక్కన.

"ఒరేయ్, ఆ అమ్మాయి కంచె దగ్గర నిలబడింది. ఆపమననా?"

"వద్దక్కా."

"మనిషి చిక్కిపోయిందిరా."

వ్యాన్ వీధి మలుపు తిరిగి, పెట్రోల్ బంకు దాటింది. అప్పుడు అతను అద్దంలోకి చూడకుండానే అడిగాడు.

"ఇంకా ఉందా?"

అక్క వెనక్కి తిరిగి చూసింది.

"ఇక్కణ్ణుంచి కనబడదురా," అంది.