ఏడో మిషన్

ప్రేమదాసు పొద్దున లేచి ముఖం కడుక్కోగానే కుట్టుమిషన్ల దగ్గరికి వెళ్ళేవాడు. ముందుగదిలో ఏడు ఉన్నాయి. అన్నీ పాతవే. మొయినాబాదులో దర్జీ దుకాణం నడిపిన ముప్పై ఏళ్ళలో, చేవెళ్ళ పాత ఇనుప సామాన్ల దుకాణాల్లో కనబడ్డవాటిని ఒక్కొక్కటిగా తెచ్చి బాగుచేసుకున్నాడు. నల్లటి మెడల మీది బంగారు పూలు సగం చెరిగిపోయాయి. దారం లేకుండానే ఒక్కోదాన్ని కాసేపు తిప్పేవాడు. తిప్పకపోతే లోపల నూనె గడ్డకడుతుంది.

ఆరింటిని తిప్పేవాడు. మూలనున్న ఏడోదాన్ని ముట్టుకునేవాడు కాదు. దాని మీద పాత దుప్పటి కప్పి, తాడుతో కట్టి ఉంది.

పది నెలల కిందట కూతురు ఆశా జ్వరంతో పోయింది. తల్లి లేని పిల్లను ఆయనే పెంచి కుట్టుపని నేర్పాడు. ఆమె పోయాక కొడుకు ఆనంద్ బాబు దొంతన్‌పల్లిలో కిరాయి ఇల్లు ఖాళీ చేసి, భార్య ప్రవీణను, పాపను తీసుకుని కనకమామిడికి తండ్రి దగ్గరికి వచ్చేశాడు.

ఆ రోజు పాప నుదుటి మీద పట్టీ ఉంది. ముందురోజు మిషన్ కింద కాలితో తొక్కే ఇనుప పలక మీద పడింది.

“బాపు, ఒక్కటన్న తీసేద్దాం,” అన్నాడు ఆనంద్ బాబు చాయ్ తాగుతూ. అతను అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంటమనిషి. “మా సారుకు పాత మిషన్ స్టాండ్ కావాల్నంట. మీద బండ పెట్టి టేబుల్ చేస్తడంట.”

“మిషన్ మీద బువ్వ తింటరా?”

“పెద్దోళ్ళు బాపు. ఎట్లనన్న తింటరు.”

ప్రవీణ నవ్వు ఆపుకుంది. “మిషన్లకేమో ఫ్యాన్ గాలి, మాకు వంటింట్ల పొగ. జర మా మొఖం గూడ చూడు మామ.”

“చూద్దాం తియ్యి,” అని ప్రేమదాసు సూదులు తెచ్చుకోవడానికి చేవెళ్ళ బస్సెక్కాడు.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి మూల ఖాళీగా ఉంది. నేల మీద స్టాండ్ కాళ్ళ గుర్తులు నాలుగు మిగిలాయి.

“ఏడికి పోయింది?”

“ఆ నడవనిదే బాపు. ఆటోల ఏసి పంపిన,” అన్నాడు ఆనంద్ బాబు. “నువ్వు రోజు తిప్పేటియి ఒక్కటి గూడ ముట్టలే. నీకు పానం అవ్వే గద.”

ప్రేమదాసు గోడకు చెయ్యి ఆనించాడు. “దుప్పటి ఇప్పినవా?”

“లేదు. కట్టున్నట్టే ఎక్కించిన. ఏమున్నది దాంట్ల?”

“పాప గౌను.” ఆయన నేల మీది గుర్తుల దగ్గర కూర్చున్నాడు. “మొదటి పుట్టినరోజుకని ఆశా కుడుతుండె. ఒక చెయ్యి అతికింది. రెండోది సగంల ఉండంగ, చలిపెడుతున్నది బాపు, జరసేపు పండుకుంట అన్నది. మళ్ళ మిషన్ మీదికి రాలే. ఆ సూది నేను పైకి లేపలే.”

పొయ్యి దగ్గర ప్రవీణ చేతిలో గరిటె ఆగిపోయింది.

“చెప్పాలె గద బాపు,” అన్నాడు ఆనంద్ బాబు. గొంతు పెరిగింది. “పది నెలల సంది ఒక్క ఇంట్ల ఉన్నం. రోజు ఆ దుప్పటి పక్కపొంటి నడిచిన. నా చెల్లె గాదా? నీకొక్కనికే పోయిందా ఆశా?”

ప్రేమదాసు కప్పి ఉంచితే చాలనుకున్నాడు. ఎవరి నుంచి కప్పుతున్నాడో ఎన్నడూ ఆలోచించలేదు.

ఇద్దరూ బండి మీద అజీజ్‌నగర్ వెళ్ళారు. స్టాండుకు అప్పటికే రంగు వేసి ఎండలో పెట్టారు. పైన ఉండాల్సిన మిషన్ విప్పి షెడ్డులో పక్కకు పడేశారు. కాపలా మనిషి బాలప్ప వెతికి వెతికి ఒక గుడ్డ ఉండ తెచ్చాడు. అది పాప గౌనే; దానితో స్టాండుకున్న నూనె జిడ్డు తుడిచారు.

“పేలిక అనుకున్నమన్న,” అన్నాడు బాలప్ప తల వంచుకుని.

విరిగిన సూదిముక్క ఇంకా గుడ్డలోనే గుచ్చుకుని ఉంది.

“స్టాండు వాపసు ఇయ్యమని సారును అడుగుత,” అన్నాడు ఆనంద్ బాబు.

“వద్దు. ఉండనియ్యి.”

ప్రవీణ ఆ గౌనును రెండుసార్లు సబ్బుతో ఉతికింది. నల్లటి మరక పోలేదు. మర్నాడు ఆరిన గౌనును పాపకు ఆనించి చూసి మడిచింది. ప్రేమదాసు తీసుకుని మళ్ళీ ఆనించాడు. పాప భుజాలు గౌను దాటి ఎప్పుడో పోయాయి. తన కళ్ళ ముందే, తన ఒళ్ళోనే ఆ పిల్ల పెరిగింది. దుప్పటి కింద గౌను మాత్రం ఆ రోజు దగ్గరే ఆగింది.

ఆయన మిగిలిన ఆరింటిలో చేత్తో పిడి తిప్పే మిషన్ ముందర కూర్చున్నాడు.

“ఇప్పుడెవరికి మామ?” అంది ప్రవీణ మెల్లగా.

“ఎవరికీ గాదు బిడ్డ. ఆశా సగంల ఇడిసిపోయింది.”

దారం సూదిలోకి ఎక్కలేదు. ఆనంద్ బాబు వచ్చి దారం ఎక్కించి పక్కనే కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుని పిడి పట్టుకున్నాడు. ప్రేమదాసు వేలితో తడుముతూ ఆశా కుట్టు ఎక్కడ ఆగిందో వెతికి, సరిగ్గా అక్కడ సూది దించాడు.

నాలుగు వేళ్ళ మేర కుట్టు మిగిలి ఉంది. అది అయిపోతే ఇక ఆశా పని ఏదీ మిగలదు.

“మెల్లగ తిప్పు,” అన్నాడు కొడుకుతో.