ఉత్తరానికి గీసిన గుడి

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నా చెయ్యి నెమ్మది, కథ మాత్రం పరిగెడుతుంది.

1940, జులై. లండన్‌లో తలుపులు బిగించిన గది.

"ఏజెంట్ పద్నాలుగు, నువ్వు టెంపుల్ మార్లింగ్ ఎస్టేటుకి వెళ్లాలి. పాలు పితికే పిల్ల వేషం. పక్క అడవిలో మన పెట్రోలు డిపో ఉంది, డెబ్బై మంది కుర్రాళ్లున్నారు. దాని ఆచూకీ జర్మన్లకి అందుతోంది."

"అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారా, సార్?" అంది మ్యూరియల్.

"డాక్టర్ సిల్వియా రెన్. చరిత్రకారిణి. మన డబుల్ ఏజెంట్. జర్మన్లు తమ మనిషనుకుంటున్నారు. కోడ్ వర్డ్ 'గోధుమ పండింది'." కల్నల్ మీసం సవరించుకున్నాడు. "మంచి అందగత్తె. కుళ్లుకోకు."

ఎర్రటి పెదాలు, పట్టు మేజోళ్లు, నాలుక చివర ఎస్టేటు చరిత్రంతా. అదీ సిల్వియా. ఏడొందల ఏళ్ల కిందట టెంప్లర్లనే యోధ సన్యాసులు ఇక్కడ గోధుమ పండించి, ఆ రాబడిని జెరూసలేం యుద్ధాలకి పంపేవారు. రాజు వాళ్లని ఖైదు చేయించాడు. ఎస్టేటు ఇంకో సన్యాసుల సంఘానికి పోయింది. తర్వాత తిరగబడ్డ రైతులు అధికారి ఇల్లు తగలబెట్టారు గానీ, ఓకు చెక్క దూలాల ధాన్యపు కొట్టు జోలికి పోలేదు. తమ తిండి అందులోనే ఉంది మరి.

సన్యాసుల గుండ్రటి గుడి మాత్రం ఎప్పుడో కూలింది. సిల్వియా ఆ గుడి ప్లానుని పచ్చిక మీద సున్నంతో గీయిస్తోంది. ఊరంతా సంబరంగా బకెట్లు మోసింది.

నాలుగోనాటి సాయంత్రం కొట్టు కాపరి జేబెజ్ గడ్డం గోక్కున్నాడు.

"అమ్మాయ్, ఈ దొరసానికి చదువెక్కువై మతి పోయినట్టుంది. గుండ్రం బానే ఉంది. బలిపీఠం గది ఉత్తరానికి గీయించిందేంటి? తూర్పుకి కట్టకుండా ఏ సన్యాసైనా ఉత్తరానికి కడతాడా?"

మ్యూరియల్ కొట్టులో నిచ్చెనెక్కి పైకిటికీలోంచి చూసింది. పచ్చికలో తెల్లటి గుండ్రం, దానికో పొడవాటి తెల్లటి వేలు. ఆ వేలు అడవిని చూపిస్తోంది.

సిల్వియా గది ఖాళీ. కారు లేదు. తొందరలో మరిచిపోయిన పౌడర్ డబ్బా ఉంది. అద్దం నొక్కితే కింద చిన్న ట్రాన్స్‌మిటర్, ఓ చీటీ. మ్యూరియల్ కోడ్ విప్పింది. "గీత చూపిన వైపు. ఎనిమిదింటికి."

అప్పుడు ఏడూ పది. డిపోకి నేరుగా ఫోను లేదు. లండన్‌కి చేసింది.

"సిల్వియా మీద అనుమానమా?" కల్నల్ నవ్వాడు. "ఎండదెబ్బ తగిలిందా నీకు?"

"డెబ్బై మంది, సార్!"

"ఖాళీ చేయించాలంటే రెండు గంటలు పడుతుంది. రిపోర్టు రాసి పంపు." ఫోను కట్.

గడ్డికి పట్టిన సున్నం కడిగినా పోలేదు. మ్యూరియల్ జేబెజ్‌కి సంగతి చెప్పింది. ఇద్దరూ కొట్టులోంచి ఎండుగడ్డి మోసి ఉత్తరపు గీతని కప్పేశారు.

"గీత కనబడకపోతే ఊరుకుంటారా?" అన్నాడు జేబెజ్.

"ఊరుకోరు. ఇళ్లు కనబడితే ఇళ్ల మీద వేస్తారు. ఇంకో గీత గీయాలి."

ఎటు? తూర్పున ఊరు. దక్షిణాన ఆసుపత్రి. ఇద్దరూ ఒక్కసారే పడమటికి తిరిగారు. అటు కొట్టు ఒక్కటే ఉంది.

మ్యూరియల్ అడ్డంగా తలూపింది.

"రాజు వదిలాడు, రైతులూ వదిలారు," అన్నాడు జేబెజ్. "ఆ పాపం మన చేతులకే రాసిపెట్టి ఉంది గావాల. బకెట్ పట్టు, అమ్మాయ్."

ఏడూ యాభై ఎనిమిదికి సున్నం అయిపోయింది. వాళ్లు కాలవ గట్టు కింద పడుకున్నారో లేదో, విమానాలు వచ్చాయి. ఒక్క బాంబూ గురి తప్పలేదు. అగ్గి ఆర్పడానికి బకెట్లున్నాయి, నీళ్లూ ఉన్నాయి. ఆ మంటకవి ఏ మూలకీ చాలవు. ఒక్కో దూలం కూలినప్పుడల్లా జేబెజ్ టోపీ తీశాడు. మ్యూరియల్ చూస్తూ ఉండిపోయింది. ఆ గంటలో ఆమె చేయగలిగిందదే.

మర్నాడు కల్నల్ ఫోను చేశాడు. "సిల్వియా జాడ లేదు. నువ్వన్నదే నిజమైంది. డిపోలో అందరూ క్షేమం, శభాష్. కానీ ఆ కొట్టు చాలా పురాతనమైన కట్టడమట. దానికి ఈ గతి ఎలా పట్టిందో వివరణ రాసి పంపు."

"ఏ రాజు కాలం నుంచి మొదలుపెట్టమంటారు, సార్?" అంది మ్యూరియల్.

హెస్టర్ కట్‌బుష్, డెబ్బై ఒక్కేళ్లు. నా మొగుడు జేబెజ్ పోయాక టెంపుల్ మార్లింగ్ స్టేషన్ రోడ్డులో చెల్లెలి దగ్గర ఉంటున్నాను.