చలిపెట్టె ప్లగ్గు

వర్తూరు చెరువు పొంగి వీధుల్లోకి నీళ్ళు వచ్చిన ఏడాది అది. రెండువేల అయిదు.

ఏజెంట్ దేవదాసును ఎదురుగా కూర్చోబెట్టుకుని చీఫ్ అంజినప్ప బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"ట్యాంకర్ ఓడలో నూనె వస్తాది. బల్క్ ఓడలో బొగ్గు, గోధుమలు కుప్పగా పోసుకొస్తారు. రో-రో ఓడలోకి కార్లు నడుపుకుంటానే ఎక్కిస్తారు. ఈ విదేశీ ముఠా అవేవీ ముట్టలేదు. ఎందుకో చెప్పు?"

"కుప్ప దించితే దాచింది బయటపడుతుంది."

"అదేనప్పా. కంటైనర్ ఓడలో సీలేసిన పెట్టె పంపినారు. చెన్నై రేవులో దిగి, రైల్లో వైట్‌ఫీల్డ్ డిపోకి వచ్చేసి ఉండాది. రీఫర్, అంటే చలిపెట్టె. పేరుకి బంగాళదుంప ముక్కలు. లోపల బాంబు. పక్కనే పెట్రోలు ట్యాంకులు. పోయి కరెంటు తీసేయి, బాంబు చచ్చిపోతాది."

"అక్కడ జ్యోత్స్న ఉంటుంది కదా?"

అంజినప్ప కిటికీ వైపు చూశాడు. "మన ఏజెంటే. ఏడాదిగా వాళ్ళ మనిషి కూడా. అడ్డమొస్తే చూస్తా నిలబడొద్దు."

జ్యోత్స్నకు తుపాకి పట్టడం నేర్పింది దేవదాసే.

లారీ క్లీనర్ ఖాకీ వేసుకుని, టిఫిన్ డబ్బాలో పిస్టల్ పెట్టుకుని వెళ్ళాడు. డిపోలో మోకాలి లోతు నీళ్ళు. పొద్దుటి నుంచి కరెంటు పోతూ వస్తూ ఉంది. చలిపెట్టె మోటారు గుర్రుమంటోంది. పిస్టల్ తీసి నడుముకు దోపుకుని, ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

"తీయొద్దన్నా!"

జ్యోత్స్న. పట్టుచీర నీళ్ళలో ఈడ్చుకుంటూ పరిగెత్తుకొస్తోంది. ముఠా నాయకుడికి ఆమె సెక్రటరీ.

"లోపలున్నది బాంబు కాదు, పేలుడు మందు. చల్లగా ఉన్నంతసేపే పడుకుని ఉంటుంది. సున్నా దాటితే డిపో మొత్తం లేచిపోతుంది. ఇప్పటికే సగం చలి పోయింది."

"ఇది చెప్పమని ఎంతిచ్చారు?"

"ఒక్కసారి నమ్మి చావన్నా!"

దేవదాసు ప్లగ్గు లాగేశాడు. మోటారు ఆగింది. ఆమె ప్లగ్గు మీదికి దూకింది. అతను కాల్చాడు.

ఆమె నీళ్ళలో కూలబడి, పెట్టె మీద బ్యాటరీతో వెలుగుతున్న చలి అంకె వైపు వేలు చూపింది. "నంబరు చూడు."

మైనస్ రెండు. చూస్తుండగానే మైనస్ ఒకటి.

తడి చేతులతోనే ప్లగ్గు గుచ్చాడు. మోటారు మూలిగింది, ఆగింది, మళ్ళీ మూలిగింది. అంకె చాలాసేపు కదల్లేదు. తర్వాత మైనస్ రెండు.

"చూశావా" అంది జ్యోత్స్న. అదే ఆమె ఆఖరి మాట.

ముఠా నాయకుడు ఎయిర్‌పోర్టులో దొరికాడు. బాంబు స్క్వాడ్ పెట్టెను చలి పోకుండా ఊరవతలికి తీసుకెళ్ళింది. 'మన వైపు నష్టం లేదు' అని అంజినప్ప రిపోర్టు రాయించాడు.

మర్నాడు ఉదయం దేవదాసు కుందలహళ్ళి చర్చికి వెళ్ళాడు. శవపేటిక మోయడానికి ఒక మనిషి తక్కువయ్యాడు. వెళ్ళి భుజం పెట్టాడు.

"ఎవరు బాబూ నువ్వు?" అంది జ్యోత్స్న తల్లి ప్రమీల.

"డిపోలో లారీ క్లీనర్నమ్మా."

"నా పిల్లని కాల్చినోడు దొరికాడా?"

"దొరికాడమ్మా."

ఉద్యోగంలో చేరాక, పై అధికారి అనుమతి లేకుండా అతను చెప్పిన మొదటి నిజం అది.